కరక్కాయ నీళ్ళు

2003 మార్చి 3

అన్న ఇంటి మేడమీద గదిలో దిగి నాలుగు రోజులైంది. కిటికీలోంచి వర్తూరు చెరువు కనబడుతోంది. నేను వదిలి వెళ్ళినప్పటికంటే చెరువు చిన్నదైంది, వాసన పెద్దదైంది.

ఈ డైరీ కూడా సూట్‌కేసులో నాతోపాటే వచ్చింది. ఇటలీలో పద్దెనిమిదేళ్ళు తెలుగు మాట్లాడడానికి మనిషి లేక ఇందులోనే మాట్లాడుకుంటూ వచ్చాను. హిందూపురంలో అమ్మమ్మ దగ్గర ఉండి చదివిన పదో తరగతి తెలుగు ఇందుకు పనికొచ్చింది. పోయిన ఆగస్టులో మా ఆయన పియెత్రో చనిపోయాక మాత్రం ఒక్క ముక్క రాయలేదు. బొమ్మా గీయలేదు. ఏడు నెలలు.

గదిలో మంచం వింతగా ఉంది. ఏడడుగుల పొడవు, ఇద్దరు పడుకునేంత వెడల్పు. నా కాళ్ళు ఆగిపోయాక కూడా మంచం ఇంకా పోతూనే ఉంటుంది. బాత్‌రూములో వెస్టర్న్ కమోడ్. కింద అన్నావదినలు వాడేది మామూలుదే. అన్నది హార్డ్‌వేర్ దుకాణం కదా, అమ్ముడుపోని సరుకంతా మేడ ఎక్కించినట్టున్నాడు.

మూడు నెలలు ఉంటానని చెప్పాను. అన్న తల ఊపాడు. ఆయన నోట మాట రావాలంటే ముందు దుకాణం మూయాలి.

మార్చి 6

అన్న నన్ను అడక్కుండానే ఒక పని తెచ్చాడు. కాడుగోడి రోడ్డులో కొత్తగా కడుతున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి సిమెంటు, పెయింటు ఆయన దుకాణం నుంచే వెళ్తున్నాయి. ఆ కంపెనీ వ్యవహారాలు చూసే అమ్మాయితో, మా చెల్లెలు ఇటలీలో పెద్ద చిత్రకారిణి అని చెప్పాడట. అన్నకు నేనేం గీస్తానో తెలుసని నాకు తెలియదు.

ఆ అమ్మాయే ఇంటికి వచ్చింది. కిరణ్మయి, గుంటూరు వైపు పిల్ల. క్యాంటీన్‌లో ఒక గోడ ఉందట, ముప్పై అడుగుల పొడవు. "మేడమ్, ఎంప్లాయీస్ లంచ్ చేసేటప్పుడు కొంచెం ఇటలీ ఫీల్ రావాలి, అంతే," అంది. అంతేనట.

వద్దని మొహాన చెప్పలేక, నేను పెయింటుతో వేయను, పచ్చి సున్నం మీద వేస్తాను, అదైతే ఆరు నెలలు పడుతుంది అన్నాను. పారిపోతుందనుకున్నాను. ఆయుధ పూజకు క్యాంటీన్ మొదలుపెడతాం, అప్పటికి చాలు మేడమ్ అంది. వదిలించుకోవడానికి చెప్పిన మాటే మెడకు చుట్టుకుంది.

మార్చి 7

నిన్న ఆ పిల్లకు వివరించిందే మళ్ళీ రాసుకుంటున్నాను, చేతికి గుర్తు రావడానికి.

ఆ రోజు ఎంత గీయగలమో అంతమేరకే గోడకు సున్నపు పూత వేయాలి. పూత పచ్చిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగులు వేయాలి. సున్నం ఆరుతూ రంగును లోపలికి తీసుకుంటుంది. సాయంత్రానికి అయిపోతే అయిపోయినట్టే, మర్నాడు దిద్దడానికి లేదు. తప్పొస్తే ఉలితో ఆ ముక్క చెక్కేసి మళ్ళీ పూసుకోవాలి.

ఇటలీలో మేమున్న ఊరు కోల్లెపియానోలో పధ్నాలుగేళ్ళు ఇట్లాగే గోడలు గీశాను. రొట్టెల దుకాణం గోడ, బడి గోడ, సహకార సంఘం హాలు. దేవుళ్ళను గీయలేదు. పొద్దున్నే తామరమొగ్గలా ఉండే ఆర్టిచోక్ కూర కడిగే మనిషి, కాఫీ బార్ ముందు పేపరు చదువుతూ కాఫీ చల్లార్చుకునే ముసలాయన, గొళ్ళెం వేశానా లేదా అని వెనక్కి తిరిగి చూసే ఆవిడ, వీళ్ళే నా బొమ్మలు. వాళ్ళు నన్ను కదీరా అనేవాళ్ళు. కదిరమ్మ వాళ్ళ నోటికి లొంగలేదు.

ప్రతి గోడలోనూ ఒక మూల పియెత్రో ఉంటాడు. సైకిళ్ళు బాగుచేసేవాడు. ఎదురుగా నిలబెడితే నవ్వాపుకోలేడు, అందుకని వీపే గీసేదాన్ని. సైకిలు మీదికి వంగిన వీపు, రొట్టె మోసుకెళ్ళే వీపు. పధ్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా మొహం గీయలేదు.

మార్చి 12

గార పని తెలిసిన మనిషి దొరికాడు. సిమెంటు వచ్చాక ఆ పని అందరూ మరిచిపోయారు. చిక్కమునియప్ప ఒక్కడే మిగిలాడు. డెబ్బై దాటాయి. వైట్‌ఫీల్డ్ పాత బంగళాలకు వాళ్ళ నాయనతో కలిసి గార పూసినవాడు. మా నాన్నను ఎరిగినవాడు కాబట్టి నన్ను అమ్మణ్ణి అంటాడు, నేను చిన్నాయనా అంటాను.

మొదటి ప్రశ్నే, బెల్లం ఎంత, కరక్కాయలు ఎన్ని అని. బంగళాల గారలో కరక్కాయలు దంచి నానేసిన నీళ్ళూ బెల్లమూ కలుపుతారు. గోడ రాయిలా గట్టిపడుతుంది. కానీ ఆ నీళ్ళు సున్నంలో పడితే గోడ టీ రంగుకు తిరుగుతుంది. నా బొమ్మకు వెలుతురు తెల్లటి సున్నం లోంచే రావాలి. ఏమీ వద్దు, సున్నం, ఇసక, నీళ్ళు చాలు అన్నాను.

"జ్వరమొచ్చినోనికి పోసే గంజి మాదిరి ఉంటాది గదమ్మణ్ణీ," అన్నాడు. తర్వాత క్యాంటీన్ వెనక గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

మార్చి 15

గోతిలో సున్నం పోశాం. బుసబుసమని పొంగింది. కనీసం మూడు నెలలు నానితేనే పండుతుంది.

ఏప్రిల్ 2

సున్నం ఇంకా పండలేదు.

ఏప్రిల్ 19

ఎండ. పియెత్రో ప్రతి ఏడూ అడిగేవాడు, మీ ఊరికి ఎప్పుడు అని. పెళ్ళయిన మొదటి ఏడు అడిగాడు, పోయిన ఏడు ఆస్పత్రి మంచం మీదా అడిగాడు. మా ఊరి ఎండకు తట్టుకోలేవు అనేదాన్ని. నిజమే. అక్కడే జూన్ నెల పొలంలో గంట నిలబడితే మెడ టమాటా అయ్యేది.

అదీగాక అన్నకు ఇష్టం లేదు. చెప్పకుండా పెళ్ళి చేసుకున్నానని రెండేళ్ళు జాబు రాయలేదు.

సాయంత్రం వాన పడింది. చలేసి స్వెట్టర్ వేసుకున్నాను.

మే 27

సున్నం ఇంకా పండలేదు. కిరణ్మయి రెండుసార్లు ఫోను చేసింది. వదినతో లేనని చెప్పించాను.

జూన్ 20

పొద్దున గొయ్యి దగ్గరికి వెళ్ళాను. కర్రతో కలిపి చూసి, ఇంకా పండలేదు చిన్నాయనా అన్నాను. ఆయన వేలితో కొంచెం సున్నం తీసి నా అరచేతిలో పెట్టాడు. వెన్నలా ఉంది.

"ఎప్పుడో పండింది అమ్మణ్ణీ. నీకే చెయ్యి రావడం లే," అన్నాడు.

కోపం వచ్చింది. నాకు సున్నం గురించి చెప్పేవాడా అని ఇంటికి వచ్చేశాను. అన్నం తినలేదు. మధ్యాహ్నం సూట్‌కేసు అడుగునున్న స్కెచ్ పుస్తకాలు తీశాను. మొదటి పేజీలో రొట్టెల దుకాణం అవ్వ. ఆమె ముక్కు మీద పిండి మరక నేను మరిచిపోలేదు. ఏడ్చాను. తర్వాత అన్న దుకాణం నుంచి ఖాకీ కాగితం చుట్ట తెప్పించుకున్నాను.

జూలై 8

కాగితాల మీద గోడంతా గీయడం అయింది. కోల్లెపియానో సంతరోజు పొద్దు. మొత్తం పద్దెనిమిది పూతలు వస్తాయి, అంటే పద్దెనిమిది రోజుల పని. మధ్యమధ్య ఆరడానికి, వానలకు, కిరణ్మయికి సమయం వదలాలి.

నీళ్ళ కుళాయి పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచాను. చివర చూసుకోవచ్చు.

జూలై 21

మొదటి పూత. తెల్లవారకముందే చిక్కమునియప్ప పూసి పెట్టాడు. ఆయన తాపీ ఆగిన చోట గోడ నునుపుగా, తడిగా, ఎదురు చూస్తున్నట్టుంది. జేగురు, పసుపుమన్ను, బొగ్గు, సున్నపు తెలుపు. ఆర్టిచోకులు కడిగే మనిషిని వేశాను. సాయంత్రం నాలుగుకల్లా గోడ రంగును తాగడం మానేసింది. అదే లెక్క. ఇక చాలని గోడే చెబుతుంది.

క్యాంటీన్ వంటవాళ్ళు వచ్చి ఆ కూరేమిటని అడిగారు. చెప్పాను. ఆకులన్నీ తీసేస్తే తినేది ఇంతేనా, దీనికి పొయ్యి కూడా వెలిగించాలా అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. ఇటలీ వాళ్ళ మీద అతనికి జాలి కలిగినట్టుంది.

సంతోషంగా ఉంది. ఈ మాట ఇక్కడ రాసి ఏడాది కావస్తోంది.

ఆగస్టు 3

వాన. పని లేదు.

ఆగస్టు 14

ఏడాది.

వదిన రెండు రోజుల ముందే అడిగింది, ఏమన్నా చేయాలా అని. వాళ్ళలో అట్లాంటివి లేవు వదినా, వద్దు అన్నాను. అంబిక వదిన నా మాట విన్నదెప్పుడు? వడలు, పాయసం చేసి మేడ మీదికి తెచ్చింది. నాకు పెట్టడానికి ముందు, ఒక ఆకులో కొంచెం వడ్డించి పిట్టగోడ మీద పెట్టి, నీళ్ళు చిలకరించింది. కాకి వెంటనే వచ్చింది.

పియెత్రో భోజనానికి ఏనాడూ ఆలస్యం చేసినవాడు కాదు.

అన్న కింద వరండాలో నిలబడి, తల ఎత్తి కాకిని చూస్తున్నాడు. అది తినేదాకా దుకాణానికి వెళ్ళలేదు. దుకాణం తొమ్మిదికి తీసే మనిషి, ఈరోజు పదిన్నరైంది. వదిన బలవంతం అయ్యుంటుంది.

ఆగస్టు 30

పదకొండు పూతలయ్యాయి. గోడ మీద సగం ఊరు లేచి కూర్చుంది.

కుళాయి పక్క ఖాళీ చూసి చిక్కమునియప్ప, అదెందుకు వదిలినావు అని అడిగాడు. ఆయనే జవాబూ చెప్పుకున్నాడు. దిష్టికి గదా అన్నాడు. వాళ్ళు కూడా ఎంత మంచి గోడైనా ఒక మూల చెయ్యంత చోటు పూయకుండా వదిలేవాళ్ళట, కన్ను పడకుండా. ఇటలీలో కూడా ఉండాదా ఇది అని సంబరపడ్డాడు.

ఉందన్నాను. ఎందుకన్నానో తెలియదు.

సెప్టెంబర్ 9

మెడ పట్టేసింది. మంచం పెద్దది, పరుపు గట్టిది, నాకు చిన్న మంచం ఏదైనా ఉంటే మార్పించు వదినా అన్నాను. ఇంత పొడుగు మంచం ఎవరు కొంటారు, అన్న ఎందుకు చేయించాడు అని నవ్వుతూ అడిగాను.

వదిన చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలుస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది.

"మీ ఆయనకని చేయించినాడు. తొంభై అయిదులో. ఆరడుగుల రెండంగుళాలని నువ్వే ఏదో జాబులో రాసింటివంట. మామూలు మంచంలో కాళ్ళు బయటికొస్తాయని చందాపుర వడ్రంగితో చేయించినాడు. మేడమీద గది కట్టించిందే దానికి. ఆ దొడ్డి కూడా. తెల్లోళ్ళు కింద కూచోలేరు, మోకాళ్ళు నొస్తాయి అన్నాడు. ఎనిమిదేండ్లు తాళం వేసి పెట్టినాడు, పిల్లకాయల్ని కూడా పడుకోనియ్యలే."

ఆ జాబు నాకు గుర్తుంది. తొంభై అయిదు జనవరిలో అన్న రాశాడు. నాలుగే వాక్యాలు. చివరిది: ఆయనను తోడుకొని రా, చలికాలం అయితే ఎండ ఉండదు. మర్యాదకు రాశాడులే అనుకున్నాను. అనుకోలేదు. అనుకున్నట్టు రాసుకున్నాను, ఇందులోనే, ఏదో పేజీలో. పియెత్రోకు ఆ జాబు చూపించలేదు. తెలుగు రాని మనిషికి చూపిస్తే మాత్రం ఏమవుతుంది అనుకున్నాను. చదివి చెప్పాల్సింది నేనే కదా.

రాయడానికి కూచున్నాను కాబట్టి ఇవాళ నిజం రాస్తాను. ఎండ కాదు. అన్న కాదు. కోల్లెపియానోలో నేను ఎక్కడో దూరం నుంచి వచ్చిన మనిషిని. చీర కట్టి సంతకు వెళ్తే ఊరంతా పలకరించేది. పియెత్రో నన్ను చూసే చూపులో, ఈమె వెనక ఏదో పెద్ద దేశం, పెద్ద కథ ఉన్నాయన్న ఆశ్చర్యం ఉండేది. ఇక్కడికి తెస్తే ఆయన చూసేది ఈ చెరువు, ఈ దుకాణం, సిమెంటు బస్తాల మీద కూచున్న మా అన్న. నేను వర్తూరు సొన్నప్ప చెల్లెలినైపోతాను. ఆ చూపు పోతుందని భయపడ్డాను. పధ్నాలుగేళ్ళు ఆ మనిషిని ఎండ పేరు చెప్పి ఆపాను.

ఆయన మామూలు మనుషుల్ని చూసి విసుక్కునేవాడు కాదు. నా బొమ్మల్లో ఉన్నదంతా మామూలు మనుషులే. నాకు ఆ మాత్రం తెలియలేదా?

సెప్టెంబర్ 10

పనికి వెళ్ళలేదు.

సెప్టెంబర్ 11

పనికి వెళ్ళలేదు. వదిన చిన్న మంచం తెప్పిస్తానంది. వద్దన్నాను.

సెప్టెంబర్ 22

పదిహేడు పూతలు పూర్తి. ఖాళీ ఒక్కటి మిగిలింది. కిరణ్మయి వాళ్ళ ఎండీని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరికీ గోడ నచ్చింది. ఆయన గోడ ముందు నిలబడి ఫోను మాట్లాడి, గోడ ముందు నిలబడే ఫోను పెట్టేశాడు. అంటే చాలా నచ్చినట్టట.

ఖాళీ చూసి కిరణ్మయి, "అక్కడ ఒక మంచి ఫ్లవర్ పాట్ పెట్టేయండి మేడమ్, కంప్లీట్ అయిపోతుంది," అంది. సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది. పూలకుండీ పెట్టడం నాకు బాగా వచ్చు. ఇన్నేళ్ళూ అదే పని చేశాను. ఆయుధ పూజలోపు ఒక మనిషిని పెడతానని చెప్పాను.

చెప్పేశాను కాబట్టి చేయాలి. చేయలేకపోతే ఇంక కుంచె పట్టను, అది నాకు తెలుస్తూనే ఉంది.

సెప్టెంబర్ 26

చిక్కమునియప్పకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆ ఖాళీ దిష్టికి కాదు, మా ఆయనకు అన్నాను. అన్నీ చెప్పాను. మంచం గురించి కూడా.

బీడీ ఆర్పేసి విన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే.

"ఒక తూరి కూడా రాలేదా, మన పక్క?"

లేదన్నాను.

లేచి వెళ్ళి ఆ ఖాళీని అరచేత్తో తడిమి చూశాడు, ఎంత గార పడుతుందో అంచనా వేస్తున్నట్టు. ఎప్పుడు పూయాల అని అడిగాడు. గాంధీ జయంతినాడు, క్యాంటీన్ పనివాళ్ళెవరూ ఉండరు అన్నాను.

అక్టోబర్ 2

వేశాను.

అక్టోబర్ 3

నిన్న చేయి లేవక ఒక్క మాటకు మించి రాయలేదు.

పొద్దున ఐదున్నరకు వెళ్ళేసరికి పూత సిద్ధంగా ఉంది. లైట్లు సరిగా లేవు. పూత కొంచెం చామనగా కనబడింది, తడి ఎక్కువైందేమో అనుకున్నాను. చిక్కమునియప్ప ఎప్పుడూ పూత పూసి వెళ్ళిపోతాడు, నిన్న మాత్రం వెనకాల ఇసక కుప్ప మీద కూచుని ఉండిపోయాడు.

వీపు గీయలేదు. సైకిలు సీటు మీద ఒక చేయి వేసి, నిలబడి, ఇటు తిరిగిన పియెత్రో. నిలువెత్తు మనిషి. క్యాంటీన్ తలుపు తీసినవాళ్ళకు ఎదురుగా కనిపిస్తాడు. ఒక పూతకు అది చాలా ఎక్కువ పని. మధ్యాహ్నం తిండికి ఆగలేదు. ముందు చెవులు వేశాను, అవి తెలిసినవి, వెనకనుంచి కూడా కనబడేవి. తర్వాత కనుబొమల మధ్య గీత. కుడి ముక్కుపుటం పక్కన చిన్నప్పుడు సైకిలు చైను తగిలిన మచ్చ. నోటి దగ్గర ఆగిపోయాను. నవ్వు ఆపుకునే నోరు వేయడం కష్టం. గోడ ఆరిపోతోంది. ఆలోచించడానికి సమయం లేకపోవడమే మంచిదైంది. నాలుగు గీతల్లో వచ్చేశాడు.

దిగి వెనక్కి వచ్చి చూశాను. ఉన్నాడు. వచ్చావా అన్నాను, ఇటాలియన్‌లో కాదు, తెలుగులో. సిగ్గుపడలేదు. చిక్కమునియప్ప విననట్టు ఇసక కుప్పను సర్దాడు.

అక్టోబర్ 4, ఆయుధ పూజ

పొద్దున క్యాంటీన్‌లో గ్రైండర్లకు, పొయ్యిలకు, చివరికి ప్లేట్లు కడిగే మిషనుకు కూడా పసుపు కుంకుమలు పెట్టారు. బూడిద గుమ్మడికాయ కొట్టారు. అప్పుడు కిరణ్మయి వచ్చి నా చెవిలో, గోడ ఒకసారి చూడండి మేడమ్ అంది.

నేలమీద నుంచి ఒక చీమల బారు. గోడ ఎక్కి, సైకిలు చక్రం పక్కనుంచి, పియెత్రో బూట్ల మీదుగా పైకి పోతోంది. మిగతా పదిహేడు పూతల మీద ఒక్క చీమ లేదు.

పియెత్రో నల్లబడ్డాడు. రెండు రోజుల్లో పూత ఆరి టీ రంగుకు తిరిగింది. మొహం, చేతులు, మెడ, అన్నీ చామనఛాయ. కోల్లెపియానో సంత మధ్యలో తెల్లటి మనుషులందరి నడుమ ఒక్కడూ మా వర్తూరు మనిషిలా నిలబడ్డాడు.

నేను వెతకక్కర్లేకపోయింది. చిక్కమునియప్పే వచ్చాడు. పండగకు కొత్త పంచె కట్టుకున్నాడు, చేతిలో సుత్తి, ఉలి ఉన్నాయి.

"నేనే కలిపినా అమ్మణ్ణీ. కరక్కాయ నీళ్ళు, బెల్లం. వారం ముందే నానేసినా. మిగిలినోళ్ళకి నువ్వు చెప్పినట్టే పూసినా. ఈయనకి గంజి గార పూయబుద్ధి కాలే. నూరేండ్లు నిలవాలని చేసినా. తప్పయింది. ఇప్పుడే చెక్కేస్తా, మళ్ళా తెల్లగా పూసిస్తా."

నాకు కోపం రావాలి. చిత్రకారిణిగా రావాల్సిందే. వెలుతురు పోయింది, మూడు రోజులు కలిపి చూసుకున్న రంగులన్నీ పోయాయి. చెక్కి మళ్ళీ వేయగలనా? ఆ నోరు నాకు ఇంకోసారి రాదు. వదిలేస్తే గోడంతటికీ మచ్చ. చీమలను చూస్తూ నిలబడ్డాను. పియెత్రో కాఫీలో ఐదు చెంచాల చక్కెర వేసుకునేవాడు.

సిమెంటు ఇచ్చినవాళ్ళను కూడా పూజకు పిలిచారు కాబట్టి అన్న వచ్చాడు. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా గోడ చూడటానికి రాలేదు, నేను రమ్మననూ లేదు. కొసనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చాడు. కూర కడిగే మనిషి, పేపరు ముసలాయన, పిండి మరక అవ్వ. పియెత్రో దగ్గర ఆగాడు. ఈయనేనా అని అడగలేదు. చీమలు తొక్కకుండా పక్కకు జరిగి, జేబులోంచి టేపు తీశాడు, దుకాణంలో ఎప్పుడూ జేబులో ఉండేదే. బూటు దగ్గర ఒక కొస నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఇంకో కొస పియెత్రో తల దాకా లాగి, కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

ఆరడుగుల రెండంగుళాలు.

"మంచం సరిపోయుండేది," అన్నాడు అన్న.

టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, అందరి ముందూ. పధ్నాలుగేళ్ళ ఏడుపు. అన్న పక్కనే నిలబడ్డాడు, భుజం మీద చేయి వేయలేదు, వెళ్ళిపోనూ లేదు.

ఉలి లోపల పెట్టెయ్ చిన్నాయనా అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు, నిజంగానా అని. ఒక్క రవ్వ కూడా చెక్కొద్దన్నాను.

కిరణ్మయి మెల్లగా దగ్గరికి వచ్చింది. వాళ్ళ ఎండీ అడిగితే ఏం చెప్పాలని దాని బాధ. "మేడమ్, మరి ఈయన ఇటాలియన్ లాగా లేరు కదా," అంది.

"ఇటలీ మనిషే. మా ఊరి ఎండకు నల్లబడ్డాడు," అన్నాను.

అక్టోబర్ 5

ఇన్నాళ్ళూ మంచం మధ్యలో పడుకుంటున్నాను. ఇవాళ ఒక పక్కకు జరిగాను.